డబ్బా కాదు, మిషన్ చూడాలె



ఈ గ్రూపులో మనం ఎక్కువగా మాట్లాడుకునేది నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందనే దాని గురించి, పోడు పట్టాల గురించి, మన భాషల గురించి. ఈ రోజు నేను రాసేది వాటిలో దేనికీ దగ్గరగా ఉండదు. అమెరికాలో నూరు, నూటయాభై ఏళ్ళ కింద తయారైన జేబు గడియారాల గురించి రాస్తున్నా. "వీనికేమైంది, గడియారాల మీద పడ్డడు" అనుకునేవాళ్ళు అనుకోండి, కానీ చివరిదాకా చదవండి. ఒక పాత వస్తువు చేతికొస్తే అది ఏంది, ఎక్కడిది, ఎప్పటిది అని ఎవరి మాటా నమ్మకుండా మనమే తేల్చుకునే పద్ధతి ఒకటి ఉందని నాకు ఈ గడియారాలే నేర్పాయి.

ఇది నాకు ఎట్లా అంటుకుందో ముందు చెప్తా. హన్మకొండలో డిగ్రీ చదువుతూ ఆదివారాలు ఒక గడియారాల రిపేరు షాపులో కూర్చుంటున్నా. షాపాయన్ని అందరూ చాచా అంటారు, నేనూ అంతే. అక్కడ పని అంతా సెల్లు మార్చడం, బెల్టు వెయ్యడం, గోడ గడియారాలు తుడవడం. చావి ఇచ్చే గడియారాలు నెలకు ఒకటో రెండో వస్తాయి. చాచాకు ఈ మధ్య చూపు ఆనడం లేదు. చిన్న అక్షరాలు చదవాల్సి వస్తే ఐ గ్లాసు నా చేతిలో పెట్టి "నువ్వు చదువు బేటా" అంటాడు.

ఒక ఆదివారం కాజీపేట నుంచి ఒక పెద్దాయన వచ్చిండు. రుమాలులో చుట్టిన జేబు గడియారం తీసి బల్ల మీద పెట్టిండు. వాళ్ళ తాత నిజాం కాలంలో రైల్వేలో పనిచేశాడట. "బంగారుది, అమెరికా రైల్వే వాచి, మస్తు ధర వస్తదని చెప్పిన్రు" అన్నడు. మనవరాలి కాలేజీ ఫీజుకు అమ్ముదామని ఆయన ఆలోచన. చాచా దాన్ని చేతిలో తిప్పి చూసి, "డబ్బా ఏదైనా చెప్తది. మిషన్ చూడాలె" అని వెనక మూత తెరిచి నాకిచ్చిండు.

లోపలి మిషన్ మీద వాల్థమ్ అనే కంపెనీ పేరు, ట్రావెలర్ అనే మాట, ఎనిమిది అంకెల నంబరు ఉన్నాయి. మూత లోపలివైపు డెనిసన్ పేరు, మూన్ అనే గుర్తు, 20 ఏళ్ళ గ్యారంటీ అనే రాత. నేను ఫోన్‌లో ఆ నంబరు కొట్టి చూశా. 1910కి అటూ ఇటూ తయారైన మిషన్. రాళ్ళు 7. డబ్బా అచ్చ బంగారం కాదు, మధ్యలో వేరే లోహం పెట్టి రెండువైపులా పలుచటి బంగారు రేకు అతికించినది. మన భాషలో రోల్డ్ గోల్డ్. ఆ 20 ఏళ్ళు గడియారం నడవడానికి గ్యారంటీ కాదు, పైనున్న బంగారం అరిగిపోకుండా ఉండడానికి గ్యారంటీ.

పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే రైల్వేది కాదా?" అని మాత్రం అడిగిండు. "మీ తాత తన పైసలతో కొనుక్కున్నదై ఉంటది" అన్నడు చాచా. తర్వాతి ఆదివారం వరకు ఆయన దాన్ని ఎక్కడో అమ్మేశాడని తెలిసింది. ఎంతకో నేను అడగలేదు. ఆ నంబరు మాత్రం నా నోటుబుక్కులో ఉంది. ఆ ఇంట్లో అయితే ఇప్పుడు అది కూడా లేదు.

ఆ తర్వాత నేను ఈ గడియారాల గురించి దొరికిందల్లా చదవడం మొదలుపెట్టా. కొనడానికి నా దగ్గర పైసల్లేవు. పోగు చెయ్యడం అంటే నా వరకు ఫోటోలు, నంబర్లు, నోటుబుక్కు. అమెరికాలో మాత్రం ఇది పెద్ద లోకం. అక్కడ గడియారాలు పోగుచేసేవాళ్ళ జాతీయ సంఘం 1943లోనే మొదలైంది, పెన్సిల్వేనియాలో కొలంబియా అనే ఊళ్ళో వాళ్ళకు సొంత మ్యూజియం ఉంది. వాళ్ళు గడియారాన్ని గుర్తుపట్టే వరుస ఇట్లా ఉంటుంది.

మొదటి సంగతి, డబ్బాను నమ్మొద్దు. అప్పట్లో అమెరికాలో మిషన్ చేసే కంపెనీ వేరు, డబ్బా చేసే కంపెనీ వేరు. రెండూ విడివిడిగా దుకాణానికి వచ్చేవి. కొనేవాడు ముందు మిషన్ ఎంచుకుని, తర్వాత జేబుకు తగ్గ డబ్బా ఎంచుకుంటే దుకాణదారు రెండూ కలిపి బిగించి ఇచ్చేవాడు. అందుకే డబ్బా మీద కూడా ఒక నంబరు ఉంటుంది గానీ దానితో గడియారం వయసు తెలియదు. కీస్టోన్, డ్యూబర్, క్రెసెంట్ లాంటి పేర్లు డబ్బాలో కనిపిస్తే అవి డబ్బా చేసినవాళ్ళ పేర్లు. ఇలినాయ్ వాచ్ కేస్ కంపెనీ అని ఉంటే ఇంకా జాగ్రత్త, ఇలినాయ్ వాచ్ కంపెనీకి దానికి సంబంధం లేదు.

డబ్బా లోహం విషయంలో కూడా మాటలు మోసం చేస్తాయి. సిల్వరాయిడ్, సిల్వరోడ్, సిల్వరిన్ అని రాసి ఉంటే వెండి అనుకుంటాం. వాటిలో వెండి ఉండదు, అవి నికెల్, రాగి కలిపిన లోహాలు. 14 క్యారెట్ అని ఉన్నా పక్కనే 20 ఏళ్ళు, 25 ఏళ్ళు అని ఉంటే అది రేకు అతికినదే. అచ్చ బంగారానికి ఎవరూ ఏళ్ళ గ్యారంటీ రాయరు.

రెండోది, డయల్ మీది పేరును కూడా పూర్తిగా నమ్మొద్దు. దుకాణదార్లు తమ పేరు వేయించుకునేవాళ్ళు. క్లీవ్‌లాండ్ నగరంలో వెబ్ బాల్ అనే నగల వ్యాపారి పేరుతో గొప్ప గడియారాలు ఉన్నాయి, కానీ వాటిని హామిల్టన్, వాల్థమ్ లాంటి ఫ్యాక్టరీలు చేసి ఇచ్చాయి.

మూడోది, అసలైనది: మిషన్ మీది సీరియల్ నంబరు. దాన్నిబట్టి తయారైన ఏడాది, ఎన్నో గ్రేడు, ఎన్ని రాళ్ళు, ఏ సైజు అన్నీ దొరుకుతాయి. కానీ ఒక కంపెనీ పట్టికలో ఇంకో కంపెనీ నంబరు చూడకూడదు. ఎల్జిన్ మీద ఉన్న నంబరే వాల్థమ్ మీద ఉంటే అది వేరే ఏడాది. నంబర్లను మోడళ్ళ వారీగా గుంపులు గుంపులుగా కేటాయించేవాళ్ళు కాబట్టి ఏడాది కూడా ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ ఉంటుంది.

నాలుగోది సైజు. వాళ్ళ లెక్క వింతగా ఉంటుంది. 0 సైజు అంటే ఒక అంగుళం, దాని మీద 30లో 5 వంతులు. అక్కడి నుంచి ఒక్కో సైజుకు అంగుళంలో 30వ వంతు పెరుగుతుంది. ఆ లెక్కన 16 సైజు 43 మిల్లీమీటర్ల పైచిలుకు, 18 సైజు దాదాపు 45. కొలవాల్సింది డబ్బాను కాదు, డయల్ కింద ఉండే మిషన్ పళ్ళేన్ని.

ఐదోది రాళ్ళు. వీటిని అలంకారం అనుకోవద్దు. లోహం ఇరుసు లోహంలో తిరిగితే అరుగుతుంది, కెంపు రాయిలో తిరిగితే అరగదు. 7 రాళ్ళ గడియారంలో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రానికి 4, దాని కిందుండే పుల్లకు 1, కొట్టుకునే కొక్కేనికి 2. మిగతా చక్రాల ఇరుసులకు కూడా పెడుతూ పోతే 15, మధ్య చక్రానికి కూడా పెడితే 17. ఆ పైన 19, 21, 23. లెక్క తెలిస్తే ఏ రాయి ఎందుకు ఉందో కనిపిస్తుంది. ఈ లెక్కను వాడుకుని మోసం చేసినవాళ్ళు కూడా ఉన్నారు. డయల్ మీద రైలింజన్ బొమ్మ వేసి, మిషన్ మీద 23 రాళ్ళు అని చెక్కి, లోపల ఉత్త ఎర్ర గాజు పెట్టిన స్విట్జర్లాండ్ నకళ్ళు ఆ రోజుల్లోనే అమెరికాలో అమ్ముడుపోయాయి.

ఆరోది, నాకు బాగా నచ్చినది. మిషన్‌ను డబ్బాకు చిన్న మరలతో బిగిస్తారు. మర తల ఒత్తుకుని డబ్బా అంచు మీద ఒక గీత పడుతుంది. గీతలు ఇప్పుడున్న మరల దగ్గర కాకుండా వేరే చోట్ల కూడా ఉన్నాయంటే ఆ డబ్బాలో అంతకుముందు వేరే మిషన్ ఉండేదన్న మాట. బంగారం ధర పెరిగినప్పుడల్లా అచ్చ బంగారం డబ్బాలను కరిగించి మిషన్లను పక్కన పడేశారు. ఆ అనాథ మిషన్లను తర్వాత ఏదో ఒక డబ్బాలో పెట్టారు. పుట్టినప్పటి జోడీ ఏదో, తర్వాత కుదిర్చిన జోడీ ఏదో ఆ గీతలే చెప్తాయి.

ఒక నంబరుతో ఇంత తెలియడం అమెరికా గడియారాలకే ఎందుకు బాగా కుదిరిందంటే, వాటిని చేసిన పద్ధతి వల్ల. అంతకుముందు ఇంగ్లండ్‌లో గడియారం అంటే చాలామంది పనివాళ్ళు ఇళ్ళల్లో, చిన్న చిన్న కొట్లలో చేతితో చేసిన ముక్కల కూర్పు. ఒక గడియారం చక్రం ఇంకోదానిలో పట్టదు. ఆరన్ డెనిసన్ అనే ఆయన తుపాకుల ఫ్యాక్టరీలో ఒకే కొలత భాగాలు యంత్రాలతో చెయ్యడం చూసి, గడియారాలు కూడా అట్లాగే ఎందుకు చెయ్యకూడదని ఆలోచించాడు. 1850లో మాసాచుసెట్స్‌లోని రాక్స్‌బరీలో మొదలుపెట్టి, 1854లో వాల్థమ్ ఊరికి మారారు. 1857లో కంపెనీ దివాలా తీస్తే వేలంలో రాయల్ రాబిన్స్ అనే వ్యాపారి కొన్నాడు. తర్వాత కొన్నేళ్ళకు డెనిసన్‌ను బయటికి పంపేశారు. ఆయన చివరికి ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ చేరి అక్కడ డబ్బాల కంపెనీ పెట్టాడు, 1895లో అక్కడే చనిపోయాడు. ఆ కంపెనీ డబ్బాల్లోనే అమెరికా వాల్థమ్ మిషన్లు బిగించి బ్రిటిష్ రాజ్యంలోని దేశాల్లో అమ్మారు. కాజీపేట పెద్దాయన గడియారంలో మిషన్ ఆయన మొదలుపెట్టి పోగొట్టుకున్న కంపెనీది, డబ్బా ఆయన పేరు మీది కంపెనీది. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

వాల్థమ్ దారిలోనే ఎల్జిన్ వచ్చింది. 1864లో ఇలినాయ్ రాష్ట్రంలో కంపెనీ పెట్టి 1867లో మొదటి గడియారం అమ్మారు. దాని నంబరు 101, దాని మీది పేరు బి.డబ్ల్యూ. రేమండ్, షికాగో పాత మేయరు. 1892లో లాంకాస్టర్‌లో హామిల్టన్ మొదలైంది. 1896లో ఇంగర్‌సాల్ వాళ్ళు యాంకీ అని ఒక్క డాలరు గడియారం తెచ్చారు. ఒక్క రాయి కూడా ఉండదు, కానీ కూలి చేసుకునేవాడు కూడా కొనుక్కోగలిగాడు. పోగుచేసేవాళ్ళు చాలామంది 21 రాళ్ళవాటి వెంట పడతారు గానీ, నాకైతే ఆ డాలరు గడియారం మీదే మనసు. గడియారం పెద్దవాళ్ళ జేబులోంచి మామూలు మనిషి జేబులోకి వచ్చింది దానితోనే.

మూత తెరిచి చూడడం ఎందుకు ముఖ్యమో చెప్పే ఒక నిజమైన కథ ఉంది. అబ్రహాం లింకన్ గడియారం ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని మిషన్ మాత్రం ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌ది. 1861 ఏప్రిల్‌లో అది రిపేరుకు వచ్చినప్పుడు జొనాథన్ డిలన్ అనే ఐరిష్ పనివాడు దాన్ని బాగుచేస్తున్నాడు. అంతర్యుద్ధం మొదలైందన్న వార్త అప్పుడే వచ్చింది. డయల్ కింద, ఎవరికీ కనిపించని చోట, తాను ఒక మాట చెక్కానని ఆయన ముసలితనంలో 1906లో ఒక పత్రికకు చెప్పాడు. తొలి తుపాకీ పేలింది, బానిసత్వం చచ్చింది అనే అర్థం వచ్చే మాట రాశానన్నాడు. ఆయన వంశంలోని ఒకాయన అడిగితే మ్యూజియం వాళ్ళు 2009 మార్చి 10న దాన్ని తెరిచారు. రాత నిజంగానే ఉంది. కానీ మాటలు వేరు. కోటపై తిరుగుబాటుదారులు దాడి చేశారని, దేవుని దయవల్ల మనకు ఒక ప్రభుత్వం ఉందని ఉంది. బానిసత్వం మాట లేదు. లింకన్‌కు ఆ రాత తన జేబులో ఉందని ఎవరూ చెప్పినట్టు లేదు.

డిలన్ అబద్ధం చెప్పాడని నేను అనుకోను. 45 ఏళ్ళలో ఆ రోజుకు ఉన్న అర్థం ఆయన మనసులో పెరిగింది. మన పెద్దవాళ్ళు చెప్పే కథల్లో కూడా ఇట్లాగే అవుతుంది. కథా కావాలి, లోపలి రాతా కావాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే మనిషి అర్థమవుతాడు.

ఇక రైల్వే గడియారం. పోగుచేసేవాళ్ళకు ఇదే రాజు. అమెరికాలో 1883 వరకు ఒక్కో రైల్వే కంపెనీ ఒక్కో టైము వాడేది, దాదాపు యాభై రకాల టైములు. 1883 నవంబర్ 18న రైల్వేలన్నీ కలిసి దేశాన్ని భాగాలు చేసి ఒకే పద్ధతి పెట్టాయి. ప్రభుత్వం చట్టం చేసింది మాత్రం 1918లో. అంటే 35 ఏళ్ళు జనం కంపెనీలు పెట్టిన టైము మీదే నడిచారు.

1891 ఏప్రిల్ 18న ఒహాయో రాష్ట్రంలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు గుద్దుకున్నాయి. పక్కకు తప్పుకోవాల్సిన రైలు టైముకు తప్పుకోలేదు. ఒక డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నడిచిందని చెప్పుకుంటారు. మెయిల్ బోగీల్లోని తపాలా గుమస్తాలతో సహా పలువురు చనిపోయారు. ఆ తర్వాత ఆ రైల్వే వెబ్ బాల్‌ను గడియారాల తనిఖీకి పెట్టింది. డయల్ మీద పేరు వేసుకునే వ్యాపారి అని పైన చెప్పానే, ఆయనే. మెల్లగా నియమాలు గట్టిపడ్డాయి. 16 లేదా 18 సైజు, ముందు మూత ఉండకూడదు, కనీసం 17 రాళ్ళు, ఐదు భంగిమల్లో పెట్టి సరిచేసి ఉండాలి, వారానికి 30 సెకన్లకు మించి తేడా రాకూడదు, అంకెలు దూరానికి కనిపించాలి, చావి గుండీ 12 దగ్గర ఉండాలి. ముళ్ళు తిప్పాలంటే అద్దం రింగు విప్పి లోపలి చిన్న మీట లాగాలి. గుండీ పొరపాటున బయటికి లాగితే టైము మారకూడదని ఆ మీట. హామిల్టన్ 992, ఇలినాయ్ వాళ్ళ బన్ స్పెషల్ లాంటివి ఈ పరీక్ష నెగ్గినవి. 7 రాళ్ళ ట్రావెలర్‌ను అమెరికా రైల్వే ఎందుకు ఒప్పుకోదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక్కడ ఆగి నేను ఒక ప్రశ్న వేసుకున్నా. ఈ కథలో మనలాంటివాళ్ళు ఎక్కడున్నారు? వెతికితే పట్టాల కిందే ఉన్నారు.

1868లో ఫోర్ట్ లారమీ దగ్గర అమెరికా ప్రభుత్వానికి, లకోటా తదితర సూ తెగలకు ఒప్పందం జరిగింది. మైదానాల్లో వేస్తున్న రైలు పట్టాలకు ఇక అడ్డు చెప్పం అని అందులో వాళ్ళతో ఒప్పించుకున్నారు. మరుసటి ఏడాది, 1869 మే 10న, యూటాలో రెండు వైపుల నుంచి వచ్చిన పట్టాలు కలిశాయి. రైళ్ళలో వేటగాళ్ళు వచ్చారు, రైళ్ళలో తోళ్ళు పోయాయి. ఆ తెగలకు తిండి, గుడ్డ, గుడారం అన్నీ ఇచ్చిన అడవిదున్నలు కోట్లలో ఉండేవి, 1880లు ముగిసేసరికి వందల్లోకి పడిపోయాయి. అదే ఒప్పందంలో బ్లాక్ హిల్స్ కొండలు వాళ్ళవేనని రాశారు. 1874లో అక్కడ బంగారం కనపడింది, 1877లో చట్టం చేసి కొండలు లాక్కున్నారు. 1980లో అక్కడి సుప్రీంకోర్టు నష్టపరిహారం ఇవ్వమంటే ఆ తెగలు డబ్బు వద్దన్నాయి, కొండలు కావాలన్నాయి.

మన దగ్గర కూడా ఇల్లెందు బొగ్గు కోసం డోర్నకల్ నుంచి పట్టాలు వేశారు. కోయ ఊళ్ళ నడుమ నుంచి బొగ్గు పోయింది. ఆ కథను నేను ఇక్కడ పొడిగించను, మీకు నాకన్నా బాగా తెలుసు.

1879లో అదే పెన్సిల్వేనియాలో, కార్లైల్ అనే ఊళ్ళో, ఒక పాత సైనిక శిబిరంలో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి తెగల పిల్లలకు హాస్టల్ బడి పెట్టాడు. వెంట్రుకలు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. లేవడానికి, తినడానికి, నడవడానికి గంట, బూర. 1918లో ఆ బడి మూసేశారు. అక్కడ చనిపోయిన పిల్లల సమాధుల్లోంచి అస్థికలను 2017 నుంచి వాళ్ళ తెగలకు తిరిగి అప్పజెప్తున్నారు.

నేను ఆశ్రమ పాఠశాలలో చదివా. మా బడి కార్లైల్ లాంటిది అనను. నాకు అన్నం పెట్టి, అక్షరం నేర్పి, మా ఇంట్లో మొదటిసారి ఒకడిని కాలేజీ దాకా పంపింది ఆ బడే. కానీ గంట అంటే ఏందో నాకు తెలుసు. మా ఊళ్ళో ఇప్పపువ్వు ఏరడానికి కోడి కూయకముందే లేస్తాం, పువ్వు రాలే వేళ అది కాబట్టి. బారెడు పొద్దెక్కేసరికి పని అయిపోతుంది. బళ్ళో అయితే ఎందుకు లేస్తున్నామో ఎవరూ చెప్పరు, గంట మోగింది కాబట్టి లేస్తాం. మా తాతకు గడియారం లేదు గానీ ఆయన ఏ పనికీ ఆలస్యం కాలేదు. "టైము తెలవనోళ్ళు" అని మనల్ని ఎవరైనా అంటే నాకు ఇప్పుడు కోపం రాదు. టైము ఒకటే రకం కాదని, ఒక రకం టైమును కంపెనీలు కూర్చుని తయారుచేశాయని, దానికి తారీకు కూడా ఉందని తెలుసు.

అందుకని ఆ గడియారాలను నేను ద్వేషించను. 21 రాళ్ళ హామిల్టన్ మిషన్ ఫోటో చూస్తే ఇప్పటికీ ఊపిరి బిగబట్టి చూస్తా. అంత నిజాయితీ గల పని అది. కానీ దాని వెనక కథ మొత్తం తెలిసి చూస్తా.

ఆ పని చేసిన చేతుల గురించి కూడా ఒక మాట. వాల్థమ్, ఎల్జిన్ ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు చాలామంది పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి చీకట్లో మెరిసే డయళ్ళు వచ్చాయి. ఆ మెరుపు రేడియం రంగుది. న్యూజెర్సీలోని ఆరెంజ్, కనెక్టికట్‌లోని వాటర్‌బరీ, ఇలినాయ్‌లోని ఒట్టావా ఊళ్ళల్లో చిన్న వయసు ఆడపిల్లలు కుంచె మొనను పెదాలతో సన్నగా చేసుకుని అంకెలు దిద్దేవాళ్ళు. అట్లా చెయ్యమని పై వాళ్ళే నేర్పారు. దవడ ఎముకలు కుళ్ళి చాలామంది చనిపోయారు. న్యూజెర్సీలో ఐదుగురు కోర్టుకెక్కితే 1928లో రాజీ జరిగింది. పాత డయల్ ఇప్పుడు మెరవకపోయినా రేడియం అందులోనే ఉంటుంది, అది సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. కాబట్టి అట్లాంటి గడియారం మీకు ఎక్కడైనా దొరికితే తెరవకండి, డయల్ గీకకండి, ముక్కు దగ్గర పెట్టి ఊదకండి. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.

చివరగా, మన సంగతికి వస్తా. మన గూడేలకు మోటారు సైకిల్ మీద వచ్చి "పాత సామాన్లు కొంటం" అని అరిచేవాళ్ళు మీకందరికీ తెలుసు. కడియాలు, నాణేల దండలు, ఇత్తడి చెంబులు, గంటలు, డోలి వాళ్ళ దగ్గరైతే పడిగెలు కూడా. వాళ్ళు చెప్పిందే పేరు, ఇచ్చిందే ధర. అమ్మొద్దని నేను చెప్పలేను. కాజీపేట పెద్దాయనకు ఫీజు అవసరం ఉంది, మనవాళ్ళకు ఆసుపత్రి అవసరం ఉంటుంది. కానీ చేయి దాటేముందు రెండు పనులు చెయ్యొచ్చు. అన్ని వైపుల నుంచి, లోపలి నుంచి కూడా ఫోటో తీసి, బరువు, కొలత రాసుకోవచ్చు. అది ఎవరు చేశారు, ఎవరి పెళ్ళికి వచ్చింది, ఏ ఊరి సంతలో కొన్నారు అని పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళ మాటల్లోనే, కోయలో అయితే కోయలోనే రాసుకోవచ్చు.

వాల్థమ్ గడియారానికి ఫ్యాక్టరీ నంబరు ఇచ్చింది కాబట్టి నూరేళ్ళ తర్వాత హన్మకొండలో ఒక కోయ పిల్లగాడు దాని పుట్టుక చెప్పగలిగాడు. మన వస్తువుల మీద ఎవరూ నంబరు వెయ్యలేదు. వాటి సంగతి తెలిసినవాళ్ళు ఇంకా బతికి ఉన్నారు, అంతే.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్కొక్కరు ఒక్క వస్తువు గురించి రాసుకొని రండి. అన్నీ ఒకచోట పెడదాం. నేను మా అమ్మమ్మ కాలి కడియంతో మొదలుపెడుతున్నా.